సభ వెలగపూడిలో, సభ్యులు జిల్లాలో: దూరంనుంచి శాసనసభ పని, కర్నూలు కడపల అనుభవం

శాసనసభ్యులకు పని చేసే చోట్లు రెండు. ఒకటి సభ, రెండోది గెలిపించి పంపిన నియోజకవర్గం. ఒకేసారి రెండు చోట్లా ఉండడం ఎవరికీ సాధ్యం కాదు. రాజధానికి గంట దూరంలో ఉన్న నియోజకవర్గానికి ఇది పెద్ద చిక్కుగా తోచదు. పొద్దున సభకు పోయి, సాయంత్రానికి ఊరు చేరి, గుమ్మం ముందు కూర్చున్న వాళ్ల అర్జీలు చూడవచ్చు. పాత కర్నూలు, కడప జిల్లాల సభ్యులకు ఆ వీలు చాలా కాలంగా లేదు. కర్నూలు నుంచి వెలగపూడికి రోడ్డు దారి 300 కిలోమీటర్లు దాటుతుంది. ఆదోని, ఆలూరు, మంత్రాలయం వంటి పడమటి నియోజకవర్గాల నుంచి లెక్కిస్తే 400 పైమాటే. మధ్యలో నల్లమల అడ్డం. కడప నుంచి వచ్చేవారికీ పోయి రావడానికి రెండు పగళ్లు చేజారతాయి.

175 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో పాత కర్నూలు జిల్లాకు 14 స్థానాలు, పాత కడప జిల్లాకు 10 స్థానాలు ఉన్నాయి. అనంతపురం, చిత్తూరు కలిపితే రాయలసీమకు 52. ఈ సభ్యులు పోయే సభ చిరునామా డెబ్బై ఏళ్లలో నాలుగు ఊళ్లు మారింది. 1953 దాకా మద్రాసు, 1956 దాకా కర్నూలు, 2017 మార్చి దాకా హైదరాబాదు, ఆ తర్వాత వెలగపూడి. నాలుగింటిలో సీమ నేల మీద ఉన్నది కర్నూలు ఒక్కటే. అక్కడ ఉన్నది మూడేళ్లా ఒక నెల. అందుచేత సభ్యుల పనిలో కొంత భాగాన్ని సొంత జిల్లానుంచే జరిపే ఏర్పాటు చేయవచ్చునా అన్న ప్రశ్న ఈ ప్రాంతంలో కొత్త యంత్రాల ముచ్చటగా పుట్టింది కాదు. దానికి వెనక పాత దూరాల చరిత్ర ఉంది.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహం శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడికకు వచ్చారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు అందులో ఉన్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వాడకంలో పదేళ్లపాటు సీమకూ నెల్లూరుకూ ముందు వరస ఇవ్వాలన్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలన్నారు. శాసనసభ స్థానాలు జిల్లాల లెక్కన పంచాలన్నారు. రాజధాని, హైకోర్టు రెండూ ఒక్కచోట ఉండకూడదు, ఒకటి కోస్తాకు పోతే మరొకటి సీమకు రావాలి, ఏది కావాలో ముందు సీమ కోరుకోవాలి అని రాసుకున్నారు. నీటికీ చదువుకూ పక్కనే స్థానాల పంపకాన్ని, రాజధాని చోటును కూడా పెట్టడంలో లోతైన ఆలోచన ఉంది. నీళ్లెవరికన్నది తేలేది సభలోనే. ఆ సభలో సీమ మాటకు బరువుండాలి, ఆ మాట చెప్పడానికి పోయే దారి దగ్గర కావాలి.

1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ఒడంబడికలో ఒక భాగం అమలైంది. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి, చందూలాల్ త్రివేది గవర్నరు. భవనాలు చాలక కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. 140 మంది సభ్యులతో నడిచిన ఆ సభ చరిత్రలో, ఈ వ్యాస విషయానికి నేరుగా సంబంధించిన రోజు ఒకటుంది. 1954 నవంబరు 6న మద్యనిషేధం గొడవల నడుమ వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రోజు సభలో కూర్చున్నవారి ఓటే లెక్కకు వచ్చింది. ఒక సభ్యుడు దారిలో చిక్కుకున్నా, మంచాన పడ్డా ఫలితం మారిపోయే పరిస్థితి. ఎక్కడో ఇంట్లో కూర్చుని ఓటు వేయవచ్చునా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా ఈ ఒక్క ఓటును గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ఆంధ్ర రాష్ట్రం రావడానికి మూడు రోజుల ముందు, 1953 సెప్టెంబరు 28న, మరాఠీ నాయకులు నాగపూర్ ఒప్పందం చేసుకున్నారు. విదర్భ ప్రజలకు రాజధాని బొంబాయి దూరం కనుక ఏటా కొంతకాలం ప్రభుత్వం నాగపూరుకు రావాలన్నది అందులో ఒక షరతు. దాని ఫలితమే మహారాష్ట్ర శాసనసభ శీతాకాలంలో నాగపూరులో కూర్చునే ఆనవాయితీ. కోవిడ్ వంటి అడ్డంకులు తప్పితే అది ఇప్పటికీ సాగుతోంది. కర్ణాటక కూడా 2012లో బెళగావిలో సువర్ణ విధానసౌధ కట్టి ఉత్తర జిల్లాల కోసం అక్కడ సభ జరుపుతోంది. శ్రీబాగ్ ఒడంబడికలో ఇలాంటి ఏర్పాటు లేదు. చోటు పంచుకున్నారు గాని కాలాన్ని పంచుకోలేదు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోగానే కర్నూలుకు సభతో ఉన్న బంధం పూర్తిగా తెగింది. ఏడాదిలో పది రోజులైనా సభ కర్నూలులో కూర్చోవాలన్న వాక్యం ఒకటి అప్పుడే చట్టంలో చేర్చి ఉంటే సీమ రాజకీయ చరిత్ర వేరే దారిలో నడిచేది.

హైదరాబాదు రోజుల్లో దూరం ఇప్పటికన్నా కొంత తక్కువే. కర్నూలుకు 210 కిలోమీటర్ల చిల్లర. కాని సభ్యుల నివాసం మెల్లమెల్లగా రాజధానికి మారింది. పిల్లల చదువులు అక్కడ, వ్యాపారాలు అక్కడ. నియోజకవర్గం వారం చివర వచ్చిపోయే చోటైంది. పని పడినవాళ్లు రాత్రి రైలో బస్సో ఎక్కి హైదరాబాదు ఎమ్మెల్యే క్వార్టర్ల దగ్గర దిగి, సిఫారసు ఉత్తరం చేతబట్టుకుని సచివాలయం చుట్టూ తిరిగేవారు. ఈ దూరానికి అసలు ఖర్చు భరించింది వాళ్లే. ఒక బోరుబావి కరెంటు కనెక్షను కోసమో, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు కోసమో రెండు రోజుల కూలి పోగొట్టుకుని, దారిఖర్చు అప్పు తెచ్చుకుని వచ్చినవాళ్లు. ప్రజాస్వామ్యంలో ప్రతినిధి ప్రజల దగ్గరకు పోవాలి. ఇక్కడ దశాబ్దాలపాటు ప్రజలే ప్రతినిధిని వెతుక్కుంటూ పోయారు.

అదే హైదరాబాదునుంచి 1990ల చివరలో మరో మార్పు మొదలైంది. జిల్లా కేంద్రాలను కలుపుతూ ప్రభుత్వ సమాచార వ్యవస్థ ఏర్పడింది. ముఖ్యమంత్రి తన గదిలో కూర్చుని కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సులు జరపడం మామూలు పనైంది. ముఖ్యమంత్రులు మారినా, పార్టీలు మారినా అది ఆగలేదు. కర్నూలు కలెక్టరేటులో కూర్చున్న అధికారి రాజధానితో మాట్లాడడానికి నల్లమల దాటవలసిన అవసరం పాతికేళ్ల కిందటే పోయింది. శాసనసభ్యులకు మాత్రం ఆ అవసరం అలాగే మిగిలింది. ఈ తేడా మీద జరగవలసినంత చర్చ జరగలేదు. దూరాన్ని తగ్గించే సాధనం ముందుగా ప్రభుత్వ యంత్రాంగం చేతికి వచ్చింది, దాన్ని ప్రశ్నించవలసిన సభ చేతికి రాలేదు. ముఖ్యమంత్రి కడప జిల్లా సాగునీటి పనులను తెర మీద అరగంటలో సమీక్షించగలరు. అదే పని మీద ప్రశ్న అడగడానికి కడప సభ్యులు సమావేశాల తేదీ కోసం ఎదురు చూసి, ప్రయాణం కట్టి, ప్రశ్నల వరసలో తమ వంతు వచ్చేదాకా కూర్చోవాలి. సాధనం ఒక వైపే ఉన్నప్పుడు అధికారం కూడా ఆ వైపే ఒరుగుతుంది. దూరంనుంచి పని చేసే హక్కు సభ్యులకు ఇవ్వాలన్న వాదానికి సౌకర్యం కన్నా ఇదే గట్టి ఆధారం.

2020లో కోవిడ్ వచ్చి ఈ ప్రశ్నను అన్ని చట్టసభల ముందూ పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో మార్చి నెలలో బడ్జెటు పెట్టే వీలు లేక ఏప్రిల్ నుంచి మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్సు తెచ్చారు. జూన్ 16, 17 తేదీల్లో రెండు రోజుల బడ్జెటు సమావేశం జరిగింది. గవర్నరు బిశ్వభూషణ్ హరిచందన్ విజయవాడ రాజ్‌భవన్‌లోనే ఉండి, వీడియో కాన్ఫరెన్సు ద్వారా ఉభయసభలను ఉద్దేశించి ప్రసంగించారు. సభ్యులు మాత్రం ఎడం ఎడంగా సభలో కూర్చుని విన్నారు. 2021 మే 20న ఒక్కరోజు సమావేశంలోనూ గవర్నరు ప్రసంగం అలాగే సాగింది. రాజ్యాంగం 176వ అధికరణం కోరే ప్రసంగం తెర మీదుగా చెల్లిందని దీనితో ఒక పూర్వాచారం ఏర్పడింది. మాట్లాడేవారు సభలో లేకపోయినా మాట సభకు చేరినట్టే లెక్క అని ఒప్పుకున్న తర్వాత, అదే వీలు ఆలూరు సభ్యులకో బద్వేలు సభ్యులకో ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. పోలిక ఇక్కడ పూర్తిగా అతకదు కూడా. గవర్నరు ఓటు వేయరు, చర్చలో పాల్గొనరు, ఎవరి మాటకూ జవాబు చెప్పరు.

పార్లమెంటులో అదే ఏడాది స్థాయీ సంఘాల సమావేశాలను ఆన్‌లైన్‌లో జరపాలని కొందరు సభ్యులు కోరారు. నెల్లూరు జిల్లానుంచి వచ్చిన వెంకయ్యనాయుడు అప్పుడు రాజ్యసభ చైర్మన్, ఓం బిర్లా లోక్‌సభ స్పీకరు. సంఘాల చర్చలు రహస్యంగా జరగాలన్న నిబంధన ఉన్నందువల్ల, నియమాల సంఘం ముందు పెట్టకుండా ఆన్‌లైన్ సమావేశాలకు వీల్లేదని ఇద్దరూ నిలిచారు. సెప్టెంబరులో పార్లమెంటు కూర్చున్నప్పుడు సభ్యులను రెండు సభల గదుల్లోనూ గ్యాలరీల్లోనూ సర్దారు, ఉభయసభలూ వేళలు పంచుకున్నాయి, ప్రశ్నోత్తరాల సమయాన్ని పక్కన పెట్టారు. శరీరంతో హాజరు కావాలన్న నియమాన్ని నిలబెట్టుకోవడానికి సభలో నోటిమాటగా ప్రశ్న అడిగే హక్కును వదులుకున్నారన్నమాట. ప్రాధాన్యం తలకిందులైందని ఇప్పుడు వెనక్కి చూస్తే స్పష్టంగా కనబడుతుంది.

ఇతర దేశాలు భిన్నంగా నడిచాయి. బ్రెజిల్ సెనేటు 2020 మార్చి 20ననే దూరంనుంచి సమావేశమై ఓటు వేసింది. యూరోపియన్ పార్లమెంటు ఆ నెల 26న సభ్యులకు ఈమెయిల్‌లో ఓటు పత్రం పంపి, సంతకం చేసి తిరిగి పంపమంది. బ్రిటన్ కామన్స్ సభ ఏప్రిల్‌లో 50 మందిని సభలోనూ 120 మంది దాకా తెర మీదా కలిపి నడిపింది. మే 12న మొదటి దూరపు ఓటు జరిగింది. జూన్ మొదటి వారానికే దాన్ని రద్దు చేసుకుని, ఓటు కోసం సభ్యులను పొడవాటి వరసలో నిలబెట్టింది. కెనడా ఫోనులో ఓటు వేసే ఏర్పాటు తెచ్చి, 2023 జూన్‌లో హైబ్రిడ్ సభను శాశ్వతం చేసుకుంది. ఆ దేశపు విస్తీర్ణం తెలిసినవారికి కారణం వేరే చెప్పనక్కర్లేదు.

వీటన్నిటిలో రాయలసీమ పాఠకులు శ్రద్ధగా చూడవలసింది స్పెయిన్. గర్భవతులు, బాలింతలు, తీవ్రంగా జబ్బుపడ్డ సభ్యులు దూరంనుంచి ఓటు వేయవచ్చునని అక్కడ కోవిడ్‌కు చాలా ముందు, 2011లోనే నియమం మార్చారు. 2022 ఫిబ్రవరి 3న కార్మిక చట్టాల సంస్కరణ మీద ఓటింగు జరిగినప్పుడు అస్వస్థతతో ఇంట్లో ఉన్న ఒక ప్రతిపక్ష సభ్యుడు కంప్యూటరులో పొరపాటున అనుకూలమని నొక్కాడు. తెలిసి సభకు పరుగెత్తినా ఓటు మార్చడానికి అనుమతి దొరకలేదు. బిల్లు 175, 174 ఓట్లతో నెగ్గింది. కర్నూలు సభలో 1954లో ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలినట్టే ఇక్కడ ఒక్క ఓటుతో చట్టం నిలిచింది. తేడా ఏమిటంటే కర్నూలులో ఏ ఓటు ఎవరిదో, ఎందుకు పడిందో సభంతా చూసింది. రెండో ఓటు ఒక గదిలో, ఎవరూ చూడకుండా పడింది. దాని మీద వాదులాట కోర్టులదాకా పోయింది.

భారత రాజ్యాంగం ఈ విషయంలో ఎంత వీలిస్తుంది? 174వ అధికరణం ప్రకారం గవర్నరు తగినదని తోచిన కాలంలో, తోచిన చోట సభను సమావేశపరుస్తారు. చోటు ఒక ఊరే కావాలని అందులో లేదు, ఎప్పుడూ ఒకే ఊరు కావాలనీ లేదు. కనుక వెలగపూడి సభ కొన్ని రోజులు కర్నూలులో కూర్చోవడానికి రాజ్యాంగం అడ్డు రాదు. 189వ అధికరణం మాత్రం హాజరై ఓటు వేసిన సభ్యుల మెజారిటీ అంటుంది. కోరం పదిమంది లేదా మొత్తంలో పదో వంతు, ఏది ఎక్కువైతే అది. 175 మంది సభకు 18 మంది. తెర మీద కనబడడాన్ని హాజరుగా లెక్కించవచ్చా లేదా అన్నది రాజ్యాంగంలో లేదు, రాసిననాటికి ఆ ఊహే లేదు. 208వ అధికరణం సభకు తన నియమావళిని తానే చేసుకునే అధికారం ఇచ్చింది. చర్చల్లో, సంఘాల్లో హాజరును నియమావళి మార్పుతో విశాలం చేసుకోవచ్చునన్న వాదానికి బలం ఉంది. ఓటు విషయానికి వచ్చేసరికి రాజ్యాంగ సవరణ లేకుండా పోతే ప్రతి స్వల్ప మెజారిటీ చట్టమూ కోర్టు మెట్లెక్కే ప్రమాదం ఉంది.

ఇంకో చిక్కు 194వ అధికరణంలో ఉంది. శాసనసభలో గాని, దాని సంఘంలో గాని అన్న మాటకు, వేసిన ఓటుకు సభ్యుల మీద కోర్టులో కేసు నడవదు. నంద్యాలలో సొంత ఇంటి గదినుంచి అన్న మాట సభలో అన్నట్టవుతుందా? ఒక కాంట్రాక్టరు అవినీతిని పేరు పెట్టి ఎండగట్టిన సభ్యులకు ఈ రక్షణ చాలా అవసరం. అది సందిగ్ధంగా ఉంటే దూరంనుంచి మాట్లాడేవారు నోరు కట్టుకుని మాట్లాడవలసి వస్తుంది. అందుచేత జిల్లాలో సభ తరఫున ప్రకటించిన ఒక గది ఉండాలి. అక్కడ అన్న మాట సభలో అన్నట్టేనని నియమావళి స్పష్టంగా చెప్పాలి.

చట్టం సంగతి అలా ఉంచి, జిల్లాలో సభ్యులు చేసే పని ఏమిటో చూడాలి. జిల్లా పరిషత్తు సర్వసభ్య సమావేశంలో వారు హోదా రీత్యా సభ్యులు. జిల్లా సమీక్ష సంఘాల్లో కూర్చుంటారు. సీమలో అన్నిటికన్నా విలువైనది నీటిపారుదల సలహా మండలి సమావేశం. సుంకేసుల దగ్గర మొదలై కర్నూలు, నంద్యాల మీదుగా కడప జిల్లాలోకి పోయే కేసీ కాలువ కింద 2,65,000 ఎకరాల ఆయకట్టు ఉంది. శ్రీశైలం మట్టం ఎంత, పోతిరెడ్డిపాడు నుంచి ఎంత వస్తుంది, ఏ తేదీన నీళ్లు వదులుతారు, వరికా ఆరుతడికా అన్నవి మండలిలో చర్చకు వస్తాయి. ఏటా వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే నేల మీద ఒక తడి తేదీ వారం జరిగితే పంట చేతికి రావడమో పోవడమో తేలిపోతుంది. అలాంటి సమావేశం రోజే సభ కూడా ఉంటే సభ్యులు ఒకటి వదులుకోవాలి. ఏది వదిలినా రైతుకే నష్టం.

2021 నవంబరులో ఈ ఇరకాటం తీవ్ర రూపంలో ఎదురైంది. 18న వెలగపూడిలో శాసనసభ సమావేశాలు మొదలయ్యాయి. మర్నాడు 19న పొద్దున్నే పైనున్న పింఛ ప్రాజెక్టు వరదతో రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాల మీద ఏరు పడింది. మనుషులు పోయారు, పశువులు పోయాయి, పొలాల మీద ఇసుక మేట వేసింది. కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. సభ 26వ తేదీ దాకా నడిచింది. ఆ వారంలో కడప జిల్లా సభ్యులు ఉండవలసిన చోటు ఏది? ఇసుకలో కూరుకుపోయిన ఇంటి ముందు నిలబడ్డ కుటుంబం దగ్గరా, గేట్ల మరమ్మతు ఎందుకు జరగలేదని ప్రభుత్వాన్ని నిలదీయగల సభలోనా? రెండూ వారి విధులే. పులపత్తూరులో నిలబడి, చూసింది చూసినట్టు సభకు చెప్పగలిగే ఏర్పాటు ఉంటే ఆ వారం సభా రికార్డులో ఆ గ్రామాల గొంతు నేరుగా ఎక్కేది. ప్రాజెక్టు అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదన్న సంగతి డిసెంబరులో ఢిల్లీలో, కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో మాట్లాడినప్పుడు దేశమంతా విన్నది. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని కాదంది. ఆ వాదం మొదట జరగవలసింది వెలగపూడిలో, ఏటి గట్టున ఉన్నవారు వింటుండగా.

జిల్లాలో ఉండడమంటే ప్రజల దగ్గర ఉండడమేనని అన్నివేళలా అనుకోవడానికీ లేదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆదోని పల్లెలనుంచి ఏటా వేల కుటుంబాలు సుగ్గికి పోతాయి. సంక్రాంతి ముందూ వెనకా మొదలై వేసవి దాకా గుంటూరు మిరప పొలాల్లో కోతకు కుదురుతారు. తోడు వెళ్లే పిల్లల బడి తెగిపోకుండా సీజనల్ హాస్టళ్లు పెట్టవలసి వచ్చింది. బడ్జెటు సమావేశాలు సాధారణంగా జరిగేది కూడా ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. మంత్రాలయం ఓటరు అప్పుడు వెలగపూడికి కొద్ది దూరంలోని మిరప తోటలో ఉంటారు, ఊళ్లో ఇంటికి తాళం ఉంటుంది. దూరపు పని ఏర్పాటు ఏదైనా సొంత జిల్లాకు మాత్రమే కట్టుబడితే ఈ ఓటర్లకు దక్కేదేమీ ఉండదు. సభ్యులు తమ ప్రజలు ఉన్న చోటినుంచి, అది మరో జిల్లా అయినా సరే, సంఘంలో సాక్ష్యం ఇప్పించగలగాలి. వలస కూలి గుంటూరు కలెక్టరేటునుంచి సభా సంఘానికి తన మాట చెప్పుకోగలగాలి.

దూరంనుంచి పని చేస్తే పోయేవి కూడా చిన్నవి కావు. సభ అంటే మైకులో మాట్లాడేది ఒక్కటే అయితే తెర చాలు. కాని మంత్రి లాబీలోనుంచి నడిచి పోతున్నప్పుడు పక్కన నడుస్తూ ఒక ఎత్తిపోతల పథకం ఫైలు సంగతి గుర్తు చేయడం కూడా శాసనసభ్యుల పనే. పార్టీలు వేరైనా ఒకే కాలువ కింద ఉన్న కర్నూలు, కడప సభ్యులు టీ తాగుతూ ఒక మాట మీదికి రావడం అక్కడే జరుగుతుంది. విప్ జారీ అయ్యాక గట్టిగా మాట్లాడలేని సభ్యులు, ముందు రోజు సాయంత్రం నాయకుడి గదిలో తమ జిల్లా కష్టం చెప్పుకోగలరు. ప్రతి పెట్టె ఒక్కొక్కరికి కేటాయించిన తెర మీద ఈ మాటలకు చోటు లేదు. 175లో 52 మంది ఉన్న ప్రాంతానికి మెజారిటీ బలం లేదు, ఇతరులను ఒప్పించుకునే బలమే ఉంది. ఆ ఒప్పించడం జరిగే చోటును వదులుకుంటే ఎక్కువ నష్టపోయేది సీమే. సీమ సభ్యులందరూ జిల్లాల్లో కూర్చుని, రాజధాని చుట్టుపక్కల సభ్యులు మాత్రం మంత్రుల పక్కన కూర్చునే సభ శ్రీబాగ్ ఒడంబడిక కోరిన దానికి సరిగ్గా ఎదురు పోతుంది.

ఓటు విషయంలో ఈ నేలకు ప్రత్యేకమైన భయం ఒకటి చెప్పక తప్పదు. కర్నూలు, కడప పల్లెల్లో ముఠా కక్షలు తరాల తరబడి నడిచాయి. ఓటరును ఇంటినుంచి కదలనీయకపోవడం, అభ్యర్థిని నామినేషను వేయనీయకపోవడం ఇక్కడి ఎన్నికల చరిత్రలో ఉన్నవే. శాసనసభ గది ఆయుధం, అనుచరులు లోపలికి రాని చోటు. అక్కడ చెయ్యెత్తిన సభ్యులను స్పీకరు చూస్తారు, విలేఖరులు చూస్తారు. ఇంటి గదిలో ఓటు వేస్తుంటే తలుపు అవతల ఎవరున్నారో, బల్లకు అటువైపు ఎవరు కూర్చున్నారో ఏ కెమెరా చూపదు. గ్రామ పంచాయతీల్లో మహిళా సర్పంచుల బదులు భర్తలు పెత్తనం చేయడం ఎంత పాతుకుపోయిందో తెలిసినవారికి ఈ ప్రమాదం తేలిగ్గా అర్థమవుతుంది. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించే 106వ సవరణ 2023లో వచ్చింది. అది అమలైన రోజున పసిబిడ్డ తల్లికి దూరపు హాజరు గొప్ప ఆసరా అవుతుంది. అదే ఏర్పాటు, గదిలో మరొకరు కూర్చుని మాట అందించడానికి కూడా దారి తీయవచ్చు. అందుకే ఆ గది సొంత ఇల్లు కాకూడదు.

సభకు దూరం కావడానికి కారణం ప్రయాణం ఒక్కటే కాదన్నదీ నిజం. 2017 నవంబరు నుంచి అప్పటి ప్రతిపక్షం, 2021 నవంబరు నుంచి అప్పటి ప్రతిపక్ష నాయకుడు నిరసనగా సభను బహిష్కరించారు. అనుమతి లేకుండా అరవై రోజులు రాకపోతే స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించే అధికారం 190వ అధికరణం సభకు ఇచ్చింది. తెర మీద ఒక నిమిషం కనబడి హాజరు వేయించుకునే వీలు కల్పిస్తే ఆ అధికరణం అర్థం కోల్పోతుంది. బహిష్కరణలకు దూరపు పని మందు కాదు.

ఈ లాభనష్టాలు పక్కపక్కన పెడితే అమలు చేయదగినది ఏమిటో తేటగానే కనబడుతుంది. మొదలు పెట్టవలసింది సభా సంఘాలతో. ప్రజాపద్దుల సంఘం, అంచనాల సంఘం, హామీల సంఘం, అర్జీల సంఘం వంటివి ఏడాది పొడవునా పని చేయగలవు. ఒక్క గంట సమావేశం కోసం ఆదోనినుంచి వెలగపూడికి పోయిరావలసి ఉండడం వల్ల సభ్యులు వీటికి రాలేకపోతారు. కర్నూలు, నంద్యాల, కడప వంటి జిల్లా కేంద్రాల్లో సభ పేరిట ఒక గది, సభ సిబ్బంది ఒకరు, రికార్డింగు ఏర్పాటు ఉంటే సంఘాల పని అక్కడినుంచే సాగుతుంది. అధికారులనూ రైతులనూ అక్కడికే పిలిచి సాక్ష్యం తీసుకోవచ్చు. రహస్యం అవసరమైన చర్చకు మాత్రం వెలగపూడి రావాలి.

ప్రశ్నోత్తరాలు రెండో మెట్టు. సభ లేని నెలల్లో కూడా లిఖితపూర్వక ప్రశ్నలకు గడువు పెట్టి జవాబు ఇచ్చే నియమం ఉండాలి. ప్రకటిత విపత్తు ఉన్న జిల్లా సభ్యులు, గర్భవతులు, బాలింతలు, ఆసుపత్రిలో ఉన్నవారు జిల్లా గదినుంచి ప్రశ్న అడగవచ్చు, చర్చలో మాట్లాడవచ్చు. బిల్లు మీద ఓటు, పద్దుల మీద ఓటు, ముఖ్యంగా విశ్వాస అవిశ్వాస తీర్మానాల మీద ఓటు సభ గదిలోనే పడాలి.

ఈ వీలు సమావేశాల రోజులను కోసివేయడానికి సాకు కాకుండా ఒక కట్టడి కూడా అవసరం. రాజ్యాంగ పనితీరును సమీక్షించిన జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య కమిషన్ 2002లో, 70 మందికి తక్కువ కాని శాసనసభలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని సిఫారసు చేసింది. 2020, 2021 సంవత్సరాల్లో బడ్జెటు సమావేశాలు రెండు రోజులకూ ఒక్క రోజుకూ కుదించుకుపోయిన రాష్ట్రంలో, దూరపు హాజరు నియమంతోపాటే కనీస రోజుల నియమం రావాలి. జిల్లా గదిలో జరిగిన సంఘం సమావేశాలను ఆ రోజుల్లో కలిపి లెక్కించకూడదు.

మిగిలింది సభే కదలివచ్చే ఏర్పాటు. కర్నూలుకు హైకోర్టు బెంచి కావాలని శాసనసభ 2024 నవంబరులో తీర్మానించింది. న్యాయం విషయంలో ఒప్పుకున్న సూత్రమే శాసనం విషయంలోనూ వర్తిస్తుంది. నాగపూరు, బెళగావిల దారిలో ఏటా ఒక సమావేశం కర్నూలులోనో కడపలోనో, కేసీ కాలువకు నీళ్లు వదిలే తేదీ నిర్ణయించే ఖరీఫ్ మొదట్లో జరగాలి. దానికి గవర్నరు 174వ అధికరణం కింద ఇచ్చే నోటిఫికేషను చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. సంఘాల హాజరు మార్పుకు నియమావళి కమిటీ నివేదిక, సభ ఆమోదం చాలు. ఓటు నియమాన్ని ముట్టుకోనంతవరకు ఈ రెండు పనులకూ ఢిల్లీ అనుమతి కోసం ఎదురు చూడవలసిన పని లేదు.